జావాలో రా టైప్ వార్నింగులు వస్తే సప్రెస్ చేసేస్తే సరిపోదా?

సరిపోదు. లిస్టులో ఏ టైప్ ఉండాలో చెప్పకుండా ఉత్త 'లిస్ట్' అని రాస్తే అది రా టైప్. వార్నింగ్ ఎందుకో తెలియాలంటే చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కాటా దగ్గరికి పోవాల.

తోతాపురి సీజన్. గేటు నుంచి రోడ్డు దాకా ట్రాక్టర్లు. కాటా సాఫ్ట్‌వేర్ మేం రాసిందే. రాత్రి తొమ్మిదికి మొత్తం తూకం బటన్ నొక్కితే క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్. స్ట్రింగ్‌ని ఇంటిజర్ చేయలేనంటుంది. చీటీలు రావు, బండ్లు కదలవు. "ఎంతసేపు నాయనా, కాయ మాగిపోతా ఉండాది" అని ఒక పెద్దాయన కిటికీలోంచి అడిగితే ఏం చెప్పేది, టైప్ ఎరేజర్ గురించా?

ఎర్రర్ చూపించిన లైన్ పాపం ఏ తప్పూ చేయలేదు. సాయంత్రం కాటా కేబుల్ లూజయితే ఆపరేటర్ తూకాన్ని చేత్తో టైప్ చేశాడు. ఆ 6480 అంకెగా మారకుండా స్ట్రింగ్‌గానే లిస్టులోకి దూరింది. మేం రాసింది ఉత్త 'లిస్ట్ తూకాలు'. దాంట్లో ఏదైనా పడుతుంది. కంపైలర్ 'అన్‌చెక్డ్' అని ముందే గొణిగింది. క్లాస్ నెత్తిన సప్రెస్‌వార్నింగ్స్ పెట్టి దాని నోరు మూసిందెవరంటే, నేనే.

లిస్ట్<ఇంటిజర్> అని మార్చి కంపైల్ చేస్తే సరిగ్గా ఆ టైపింగ్ లైన్ దగ్గరే ఎర్రగీత. అక్కడ స్ట్రింగ్‌ని అంకె చేసే పార్స్‌ఇంట్ పెట్టా. పది నిమిషాల పని.

ఇట్లా <> మధ్య టైప్ చెప్పే జెనరిక్స్ 2004లో జావా 5తో వచ్చాయి. పాత కోడ్ ఆగిపోకూడదని రా టైపుల్ని ఉండనిచ్చారు. కంపైల్ అయ్యాక తనలో ఏముండాలో లిస్టుకే తెలీదు (టైప్ ఎరేజర్ అంటే ఇదే), కాబట్టి పట్టుకుంటే కంపైలరే పట్టుకోవాల. మా కాలేజీ ల్యాబులో మాత్రం ఉత్త వెక్టర్ (పాతకాలం లిస్టు), దాని మీద కాస్టింగ్, అంటే తీసినదాన్ని ఫలానా టైపే అని మనమే చెప్పడం. రికార్డులో సంతకం పడితే చాలు!

మీ సంగతికొస్తే, -ఎక్స్‌లింట్:అన్‌చెక్డ్ పెట్టి కంపైల్ చేయండి, లైన్లు బయటపడతాయి. ఎడమవైపు అసలు టైప్ రాయండి, జావా 7 నుంచి కుడివైపు <> చాలు. టైప్ నిజంగా తెలీకపోతే <?> పెట్టండి, అందులోకి నల్ తప్ప ఏదీ వేయనివ్వదు, అదే మంచిది. <ఆబ్జెక్ట్> పెట్టి వార్నింగ్ పోయిందని మురిసేవాళ్లున్నారు, నా ఒళ్లు మండేది వాళ్లని చూస్తేనే. రోగం అట్లే ఉంటుంది కదా! పాత లైబ్రరీ రా లిస్ట్ ఇస్తే ఆ ఒక్క వేరియబుల్ మీదే సప్రెస్ పెట్టి, ఎందుకో పైన కామెంట్ రాయండి.

పెద్దాయనకు పదింటికి చీటీ అందింది. కిలో రేటు చూసి తిట్టిన తిట్లు మాత్రం నాకు కాదు.