కిట్ విమానానికి బ్రేకులు బిగించాక పెడల్ మెత్తగా ఎందుకు దిగిపోతుంది?

ఆర్‌వీ-7 లాంటి కిట్ విమానాల్లో (విడిభాగాలు కొని మనమే బిగించుకునేవి) పెడల్ మెత్తగా ఉంటే, చాలావరకు బ్రేకు నూనె వెళ్లే లైన్లో గాలి మిగిలిపోయిందనే అర్థం. కారులో చేసినట్టు పైనుంచి పెడల్ తొక్కుతూ గాలి తీయాలని చూస్తే ఇక్కడ రోజంతా పడుతుంది. గాలి బుడగ పైకే పోతుంది కదా, దానికి మనమూ దారి ఇద్దాం. కాలిపర్ (చక్రం దగ్గర డిస్క్‌ను నొక్కిపట్టే భాగం) అడుగున ఉన్న బ్లీడర్‌కు, అంటే గాలి తీసే చిన్న స్క్రూకు, పారదర్శకమైన గొట్టం తగిలించి, ఆయిల్ క్యాన్‌తో కిందినుంచి పైకి నూనె నెమ్మదిగా ఎక్కించండి. గొట్టంలో ముందే ఒక్క బుడగ కూడా లేకుండా చూసుకోండి. పైన రిజర్వాయర్ (నూనె ఉండే డబ్బా) పొంగకుండా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

నూనె విషయంలో మాత్రం రాజీ వద్దు. ఈ బ్రేకులకు వాడేది 5606 రకం ఎర్రటి మినరల్ ఆయిల్. కార్ల డాట్ ఫ్లూయిడ్ పోస్తే లోపలి నైట్రైల్ రబ్బరు ఓ-రింగులు (నూనె కారకుండా ఆపే రింగులు) ఉబ్బి పాడైపోతాయి.

చక్రం రెండు ముక్కల రిమ్. బిగించేటప్పుడు ట్యూబుకు టాల్కం పౌడర్ రాసి, అది ముక్కల మధ్య నలగకుండా చూడండి. తర్వాత చక్రం ఎప్పుడు విప్పినా ముందు టైరులో గాలి పూర్తిగా తీసేయండి, లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. కాలిపర్ తన పిన్నుల మీద వేలితో తోస్తే చాలు, సులువుగా జరగాలి.

కొత్త ఆర్గానిక్ లైనింగులైతే (డిస్క్‌ను రాసుకునే బ్రేకు పట్టీలు), వాటిని అలవాటు చేయడానికి ఇంజిన్‌కు కాస్త పవర్ ఇచ్చి, బ్రేకు తొక్కిపట్టి నెమ్మదిగా టాక్సీ చేయండి, అంటే నేల మీదే నడపండి. తర్వాత 10–15 నిమిషాలు చల్లారనిచ్చి, ఫుల్ పవర్‌లో బ్రేకు పట్టి ఆపుతోందో లేదో చూడండి.