టెక్ సందేహాలు: పాత కారు డిక్కీ పట్టేస్తే...

ప్రశ్న: మా దగ్గర 1970ల నాటి సెడాన్ ఉంది. ఈమధ్యే రంగు వేయించి, డిక్కీ చుట్టూ కొత్త రబ్బరు బీడింగ్ పెట్టించాం. ఒకసారి మూశాక మళ్లీ తెరుచుకోవట్లేదు. తాళంచెవి కొంత తిరిగి గట్టిగా ఆగిపోతోంది. పలుగు పెట్టి లేపేద్దామంటున్నారు. వేరే దారి ఉందా?

జవాబు: ఉంది. పలుగు మాత్రం వద్దు. మూత అంచు వంగితే లాచ్ (మూతను పట్టి ఉంచే గడియ) మార్చడం కన్నా డెంటింగ్, పెయింటింగ్ పనే పెద్దదవుతుంది.

లోపం ఎక్కడుందో చెవి తిరిగే తీరే పట్టిస్తుంది. అసలు తిరగకపోతే సిలిండర్‌లోని (చెవి దూరే తాళం గొట్టంలోని) పలకలు తుప్పుకో, ఎండిన గ్రీజుకో అతుక్కుపోయినట్టు. ఏ పట్టూ లేకుండా గిర్రున తిరిగితే సిలిండర్ వెనక ఉండే బద్ద విరిగిందో, లాచ్ గాడిలోంచి జారిందో అనుకోవాలి. మీరు చెప్పినట్టు కొంత తిరిగి ఆగిపోతే, తాళం బాగానే ఉండి, లాచ్ మీద ఒత్తిడి పడుతోందన్నమాట.

లాచ్‌లోని కొక్కెం, ఎదురుగా కారు బాడీకి బిగించి ఉండే స్ట్రైకర్ అనే కడ్డీని పట్టుకుంటుంది. ఆ కొక్కెం వదలకుండా ఒక చిన్న మీట అడ్డం ఉంటుంది. చెవి తిప్పితే పక్కకు తప్పుకోవాల్సింది ఆ మీటే. మీ కొత్త బీడింగ్ ఇంకా అణగలేదు కాబట్టి మూతను పైకి నెడుతోంది. ఆ ఒత్తిడంతా కొక్కెం ద్వారా మీట మీద పడి, అది ఇరుక్కుపోతోంది. ఇక్కడ చెవి మీద బలం చూపిస్తే చెవి విరుగుతుంది, లేదా సిలిండర్ విరుగుతుంది. పాత కార్లలో తాళం విడిభాగాలు చాలావరకు జింక్ పోతతో చేసినవి. అవి వంగవు, పుటుక్కుమంటాయి.

ఇద్దరుంటే పని తేలిక. ఒకరు సరిగ్గా లాచ్ ఉన్నచోట, మడతపెట్టిన గుడ్డ మీద రెండు అరచేతులూ ఆనించి, ఒంటి బరువు వేసి మూతను కిందికి నొక్కాలి. మూత మధ్యలో నొక్కితే రేకు సొట్టపడుతుంది. నొక్కి ఉంచినప్పుడే రెండోవారు చెవి తిప్పి, అలాగే పట్టుకోవాలి. ఆ తర్వాతే పైనున్నవారు చేతులు తీయాలి. చాలామంది తడబడేది ఇక్కడే. నొక్కుడు ఆపి చెవి తిప్పుతారు, లేదా మూత లేవకముందే చెవి వదిలేస్తారు. మీట మళ్లీ వెళ్లి అడ్డం పడుతుంది.

లోపల టక్కుమని, మూత కొద్దిగా కదిలి ఆగిపోతే లాచ్ వదిలినట్టే. పూర్తిగా ఆరని రంగుకు రబ్బరు అతుక్కుని ఉంటుంది. సబ్బునీళ్లు పోసి, పలుచటి ప్లాస్టిక్ కార్డు చుట్టూ నడిపించండి. చేపల గాలానికి వాడే నైలాన్ దారాన్ని రంపంలా ఆడించినా విడిపోతుంది. కొత్త రంగు దగ్గర సిలికాన్ స్ప్రే వాడకండి. దాని జిడ్డు మిగిలితే రేపు టచప్ చేసేటప్పుడు రంగు అక్కడ నిలవదు.

ఇవేవీ పనిచేయకపోతే లోపలి నుంచి వెళ్లాలి. వెనక సీటు కింది కుషన్‌ను చాలా కార్లలో వెనక్కి నెట్టి పైకి లేపితే వచ్చేస్తుంది. వీపు ఆనించే భాగం కింద బోల్టులు ఉంటాయి, వాటిని తీసి పైకెత్తితే కొక్కేల నుంచి ఊడుతుంది. దాని వెనక అట్టపలకే ఉంటే దారి దొరికినట్టే. రేకు ఉంటే, వెనక అద్దం కింది స్పీకర్ తీసి ఆ రంధ్రంలోంచి ప్రయత్నించండి. ఏది అడ్డొచ్చినా డ్రిల్ మాత్రం పెట్టకండి. మెర్సిడెస్ డబ్ల్యూ123 సెడాన్ లాంటి వాటిలో వెనక సీటు వెనకాలే పెట్రోల్ ట్యాంకు ఉంటుంది.

చెయ్యి లాచ్ దాకా అందకపోతే 60 సెంటీమీటర్ల ఎక్స్‌టెన్షన్ రాడ్, సాకెట్ సరిపోవచ్చు. స్ట్రైకర్ బోల్టులు అందితే వాటినే విప్పండి, లాచ్ స్ట్రైకర్‌ను పట్టుకునే మూత పైకొస్తుంది. పాత అమెరికన్, బ్రిటిష్ కార్లయితే 7/16, 1/2 అంగుళాల సాకెట్లు దగ్గర పెట్టుకోండి. దగ్గరగా ఉందని మిల్లీమీటర్ సాకెట్ తొడిగితే తుప్పుపట్టిన బోల్టు తల గుండ్రంగా అరిగిపోతుంది. మూత కీళ్ల జోలికి మాత్రం పోవద్దు. వాటిని ఎత్తి ఉంచే టార్షన్ కడ్డీలు మెలితిరిగి బిగువుగా ఉంటాయి, జారితే చేతి ఎముక విరుగుతుంది.

ప్రశ్న: లోపల ఏముందో చూడటానికి ఫోన్‌కు తగిలించే ఎండోస్కోప్ కెమెరా పనికొస్తుందా?

జవాబు: బాగా పనికొస్తుంది. తల 5.5 మిల్లీమీటర్లది తీసుకోండి, నంబర్ ప్లేటు బల్బు తీస్తే దొరికే రంధ్రంలోంచి సాధారణంగా దూరుతుంది. రిజల్యూషన్ కంటే కేబుల్ ముఖ్యం. వంచితే వంచినట్టు నిలిచే గట్టి కేబుల్ లేకపోతే తల వేలాడిపోయి నేలే కనిపిస్తుంది. పక్కకు చూపే చిన్న అద్దం ముక్క తొడిగితే లాచ్ అడుగు భాగం కూడా కనబడుతుంది. ఎల్ఈడీ వెలుగు సగానికి తగ్గించండి, లేకపోతే మెరిసే లోహం తెర మీద ఉత్త తెల్లగానే కనిపిస్తుంది. కొనేముందు మీ ఫోన్ ఓటీజీకి (ఇలాంటి యూఎస్‌బీ పరికరాలను నేరుగా తగిలించే సదుపాయానికి) సపోర్ట్ చేస్తుందో లేదో చూసుకోండి.

ప్రశ్న: మా కారు డిక్కీకి ఎలక్ట్రిక్ బటన్ ఉంది. బ్యాటరీ చచ్చిపోయింది. ఆ బ్యాటరీ డిక్కీలోనే ఉంది!

జవాబు: బ్యాటరీ నుంచి వచ్చే లావు కేబుల్ ముందున్న స్టార్టర్ మోటారు దాకా వస్తుంది. బయటి 12 వోల్టుల బ్యాటరీ పాజిటివ్‌ను ఆ కేబుల్ చేరే స్టార్టర్ టెర్మినల్‌కు, నెగటివ్‌ను ఇంజిన్ లోహానికి కలిపితే కారంతటికీ కరెంటు అందుతుంది, బటన్ పనిచేస్తుంది. పాత బ్రిటిష్ కార్లలో పాజిటివ్ ఎర్త్ ఉండవచ్చు, అంటే నెగటివ్‌కు బదులు పాజిటివ్ కారు బాడీకి కలిసి ఉంటుంది. ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారు 1967 దాకా అలాగే వచ్చింది. వాటికి తీగలు తారుమారుగా కలపాలి. 6 వోల్టుల కార్లకు 12 వోల్టులు ఇవ్వకండి. బటన్ నొక్కితే టక్ టక్‌మంటూ మూత మాత్రం లేవకపోతే సోలనాయిడ్‌కు (కరెంటుతో లాచ్‌ను లాగే అయస్కాంత పరికరానికి) బలం చాలట్లేదు. పైన చెప్పినట్టు మూతను నొక్కి పట్టి మళ్లీ ప్రయత్నించండి.

ప్రశ్న: చెవి అసలు తిరగట్లేదు. డబ్ల్యూడీ-40 కొడితే సరిపోతుందా?

జవాబు: వదులు చేయడానికి పనికొస్తుంది. గట్టిగా పట్టేస్తే పెనెట్రేటింగ్ ఆయిల్ మేలు. సన్నటి గొట్టంతో కొట్టి, చెవిని లోపలికీ బయటికీ ఆడిస్తూ, అరగంట ఆగి మళ్లీ కొట్టండి. ఒక రాత్రి నాననిస్తే ఇంకా మంచిది. అరిగిన చెవిని చూసి ఇంకో చెవి కోయిస్తే ఆ అరుగుదలే కొత్తదానికీ వస్తుంది, తాళం కోడ్ దొరికితే దాని ప్రకారం చేయించండి. ఇక ఆఖరి మార్గం సిలిండర్‌ను డ్రిల్ చేయడం. 3 మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి 6 దాకా వెళ్లండి. జింక్ మెత్తనిదే కాబట్టి నెమ్మదిగా తొలవాలి. తర్వాత చదును స్క్రూడ్రైవర్‌తో వెనకున్న గాడిని తిప్పండి.

మూత తెరుచుకోగానే ఆనందంగా మళ్లీ మూసేయకండి. మూత పైకి ఉండగానే లాచ్ కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో మూసి, చెవితో పదిసార్లు తెరిచి చూడండి. పాత గ్రీజు కడిగి లాచ్‌కు తెల్ల లిథియం గ్రీజు రాయండి. సిలిండర్‌లో ఆయిల్ పూర్తిగా తుడిచాకే గ్రాఫైట్ పొడి వేయాలి, రెండూ కలిస్తే ముద్దయి మళ్లీ పట్టేస్తుంది. కొత్త బీడింగ్ పెట్టినవారు స్ట్రైకర్ ఉన్నచోట మార్కర్‌తో గీత గీసి, ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి జరపండి. రబ్బరు అణిగాక వెనక్కి తేవచ్చు.

అమెరికాలో 2001 సెప్టెంబరు నుంచి తయారయ్యే కార్ల డిక్కీల్లో లోపలి నుంచి తెరిచే హ్యాండిల్ తప్పనిసరి. మీ పాత కారులో అది ఉండదు. 1.5 మిల్లీమీటర్ల స్టీలు కేబుల్‌ను లాచ్ మీటకు కట్టి, సీటు వెనక నుంచి క్యాబిన్‌లోకి తెచ్చి, చివర ఒక రింగు బిగించండి. లాగకపోయినా బిగుతుగా ఉంటే దారిలో కుదుపుకు డిక్కీ తెరుచుకుంటుంది, కనుక రెండు సెంటీమీటర్లు వదులు ఉంచండి.