ఏసీ 24లో పెట్టినా గది చల్లబడకపోతే ముందు చూడాల్సింది గ్యాస్ కాదు, సెన్సర్

ప్రశ్న: "మాది నెల్లూరు, పై అంతస్తు, ఒకటిన్నర టన్ను ఏసీ. 24లో పెడితే పది నిమిషాలకే బయటి యూనిట్ ఆగిపోతుంది, గదిలో ఉక్క మాత్రం పోదు. 18లో పెడితే చల్లబడుతుంది గానీ కరెంటు బిల్లు భరించలేం. సర్వీస్ చేయించి నెల కూడా కాలేదు. గ్యాస్ ఎక్కించాలంటున్నారు. అసలు ఎంతలో పెట్టుకోవాలి?"

ఎంతలో పెట్టుకోవాలన్నది తర్వాత చూద్దాం. మీ ప్రశ్నలోనే జవాబుంది. సర్వీస్ అయి నెల కాలేదు, 24లో త్వరగా ఆగుతోంది, 18లో చల్లబడుతోంది. ఈ మూడూ కలిశాయంటే గది వేడిని కొలిచే సెన్సర్ తన చోటు నుంచి జరిగి ఉండే అవకాశమే ఎక్కువ. గ్యాస్ నిజంగా తగ్గితే బయటి యూనిట్ అంత తొందరగా ఆగదు. గంటలకొద్దీ తిరుగుతూనే ఉంటుంది, గది చల్లబడదు, లోపలి కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాలు, వాటి మీది సన్నటి రేకులు) మీద ఒక మూల ఐసు పేరుకుంటుంది. మీ దాంట్లో 18కి గది చల్లబడుతోంది కాబట్టి యంత్రంలో సత్తువ ఉంది. దానికి అందుతున్న లెక్కే తప్పు.

రిమోట్ మీద కనిపించే అంకె గది వేడి కాదు, మీరు కోరిన వేడి. గది ఎంత వేడిగా ఉందో ఏసీకి చెప్పేది లోపలి యూనిట్‌లో ఉండే చిన్న సెన్సర్. ముందు మూత తెరిచి రెండు ఫిల్టర్లూ తీస్తే, ఎక్కువ మోడళ్లలో కుడి చివర, సన్నటి తీగ కొసన గింజంత నల్లటి ముక్క కనిపిస్తుంది. అది కాయిల్‌కి ముందు, ప్లాస్టిక్ క్లిప్పులో, రేకులకు తగలకుండా నిలబడి ఉండాలి. దానికి తగలాల్సింది గదిలోంచి లోపలికి వెళ్లే గాలి మాత్రమే.

ఎండాకాలం సర్వీసులో జరిగేది ఇది. మే నెల మధ్యాహ్నం, బయట వడగాలి, సర్వీసు కుర్రాడికి ఆ రోజు ఇంకా ఆరేడు ఇళ్లు మిగిలి ఉంటాయి. యూనిట్ కింద కవరు కట్టి ప్రెషర్ పంపుతో కాయిల్ మీద నీళ్లు కొడతాడు. ఆ దెబ్బకు సెన్సర్ క్లిప్పులోంచి ఊడి రేకుల మీదికి వాలుతుంది. అతను చూసుకోకుండా ఫిల్టర్లు బిగించి, చల్లగాలి రాగానే వెళ్లిపోతాడు. ఆ రాత్రి ఏసీ వేస్తే కాయిల్ పది పన్నెండు డిగ్రీలకు దిగుతుంది, దాన్ని ఆనుకున్న సెన్సర్ గదే చల్లబడిందని ఏసీని నడిపే సర్క్యూట్ బోర్డుకు చెబుతుంది, బయటి యూనిట్‌లోని కంప్రెసర్ ఆగుతుంది. మంచం దగ్గర ఇంకా 31 డిగ్రీలే. కొన్ని నిమిషాలకు కాయిల్ వేడెక్కగానే మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. ఇంటాయన మళ్లీ ఫోన్ చేస్తే ఈసారి వచ్చినవాడు ఫిల్టర్ కూడా తీయకుండా "గ్యాస్ అయిపోయింది సార్" అంటాడు. రెండు మూడు వేలు పోతాయి, జబ్బు అలాగే ఉంటుంది.

ఈ గ్యాస్ మాట మన జిల్లాల్లో ఎంత డబ్బు తినేసిందో చెప్పలేను. ఏసీ గ్యాస్ వంట సిలిండర్‌లాగా వాడితే అయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో అదే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. కాబట్టి ఎవరైనా గ్యాస్ అంటే "లీకు ఎక్కడ?" అని అడగండి. బయటి యూనిట్ దగ్గర రెండు నట్ల మీద సబ్బు నురగ వేసి చూపించాలి. అక్కడ లేకపోతే నైట్రోజన్ ఎక్కించి మిగతా చోట్లా వెతకాలి. లీకు మూశాక వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలి, తేమ లాగేయాలి. ఆ తర్వాత బయటి యూనిట్ ప్లేటు మీద రాసిన బరువు ప్రకారం తూకం వేసి నింపాలి. తూకం యంత్రం లేకుండా వచ్చినవాడితో గ్యాస్ ఎక్కించుకోకండి.

ఇక మీరు చేయాల్సింది. రిమోట్‌తో ఆపితే చాలదు, ఎంసీబీ (ఏసీకి కరెంటు ఆపే మెయిన్ స్విచ్) దించండి. సెన్సర్‌ని మళ్లీ క్లిప్పులో కూర్చోబెట్టి, రేకులకు సుమారు ఒక సెంటీమీటరు ఎడం ఉందో లేదో చూడండి. క్లిప్పు విరిగితే ప్లాస్టిక్ టైతో కట్టండి. ఇనుప తీగ వద్దు, ఎం-సీల్ అసలే వద్దు. రాగి గొట్టానికి అతికించిన చిన్న గొట్టంలోకి దూర్చి, లోహపు తొడుగుతో ఇంకో సెన్సర్ ఉంటుంది. అది కాయిల్‌ది, తాకుతూ ఉండటమే దాని పని. దాన్ని బయటికి లాగకండి.

సరిగ్గా పెట్టినా తేడా ఉంటే సెన్సర్ పాడైందేమో ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టి చూపించండి. చాలా వాటిలో 25 డిగ్రీల దగ్గర నిరోధం 10 కిలో ఓమ్‌లు ఉంటుంది. 5, 15, 20 ఉండేవి కూడా ఉన్నాయి కాబట్టి మీ మోడల్‌ది కనుక్కోవాలి. వేళ్ల మధ్య పట్టుకుంటే ఆ అంకె నెమ్మదిగా తగ్గాలి. ఎగుడుదిగుడుగా దూకితే మార్చేయాలి. తీగ పూర్తిగా తెగితే ఏసీయే ఎర్రర్ కోడ్ చూపిస్తుంది. సెన్సర్ చోటు తప్పినప్పుడు, లెక్క తప్పినప్పుడు మాత్రం ఏ కోడూ రాదు. అందుకే దీన్ని ఎవరూ పట్టుకోరు.

అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్‌లో చెప్పే సలహాలు ఇక్కడ కుదరవు. అక్కడ థర్మోస్టాట్ ఇంటి మధ్య గోడకు, మనిషి ఛాతీ ఎత్తున ఉంటుంది. నిద్రలేచే వేళ, బయటికెళ్లే వేళ అని రోజంతటికీ ప్రోగ్రామ్ పెడతారు. మన సెన్సర్ ఏడడుగుల ఎత్తున, స్లాబ్ కింద నిలిచే వేడిగాలిలో ఉంటుంది. మీ రిమోట్‌లో ఐ ఫీల్ లేక ఫాలో మీ మీట ఉంటే వాడండి. అప్పుడు రిమోట్‌లోని సెన్సరే లెక్క. రిమోట్ మంచం పక్కన, ఏసీకి ఎదురుగా ఉండాలి, దిండు కిందకి పోకూడదు.

ఇప్పుడు అంకె సంగతి. 16, 18 పెడితే గది తొందరగా చల్లబడదు. ఇన్వర్టర్ (కంప్రెసర్ వేగం పెంచుతూ తగ్గించే రకం) కాని ఏసీలో కంప్రెసర్‌కి ఒకటే వేగం. ఇన్వర్టర్‌దైనా 38 డిగ్రీల గదిలో 24 పెట్టినా పూర్తి వేగంతోనే మొదలవుతుంది. తేడా ఎక్కడ ఆగుతుందన్నదే. డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క. 2020 జనవరి 1 నుంచి స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలన్నీ 24 డిఫాల్ట్‌గా రావాలని నిబంధన పెట్టింది అందుకే. రాత్రి 9కి 24లో వేసి, సీలింగ్ ఫ్యాన్ రెండో నంబరులో తిప్పండి. 11కి స్లీప్ మోడ్ నొక్కితే చాలా మోడళ్లలో గంటకో డిగ్రీ చొప్పున 26 దాకా పెరుగుతుంది. తెల్లవారుజామున 5కి ఆఫ్ టైమర్ పెట్టండి. మధ్యలో కరెంటు పోయి వస్తే చాలా మోడళ్లలో ఆ టైమర్ చెరిగిపోతుంది, మళ్లీ పెట్టుకోవాలి. రిమోట్ సెల్స్ మార్చినా గడియారం పోతుంది. ఆపిన వెంటనే మళ్లీ వేస్తే కంప్రెసర్ మూడు నిమిషాలు మొదలవదు, అది చెడిపోయినట్టు కాదు.

పై అంతస్తు అన్నారు కాబట్టి ఒక మాట. రోహిణి కార్తెలో మీ మిద్దె రాత్రి పది దాకా వేడి కక్కుతూనే ఉంటుంది, గాలి 24కి దిగినా ఒళ్లు చల్లబడదు. అప్పుడు అంకె తగ్గించడం కన్నా మిద్దె మీద తెల్ల కూల్ పెయింట్ వేయించడం ఎక్కువ పని చేస్తుంది. అక్టోబరు, నవంబరు వానల్లో గది వేడిగా ఉండదు, తడిగా ఉంటుంది. డ్రై మోడ్ అప్పటికి సరిపోతుంది, మే మధ్యాహ్నానికి కాదు.

ఫిల్టర్లు రెండు వారాలకోసారి కుళాయి కింద కడిగి నీడన ఆరబెట్టండి. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము ఉన్నచోట వారానికోసారి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి బయటి యూనిట్ రేకుల్ని తినేస్తుంది. ఎంసీబీ దించి, నెలకోసారి వాటి మీద మంచినీళ్లు మెల్లగా పోయండి. ప్రెషర్ పంపు పెడితే రేకులు వంగిపోతాయి.