వంజంగి మంచు ఫొటోలో బూడిద రంగులో ఎందుకొస్తోంది?

ప్రశ్న: సార్, పోయిన చలికాలం ఫ్రెండ్స్‌తో కలిసి పాడేరు దగ్గర వంజంగి కొండెక్కాం. కళ్ళకి పాలసముద్రంలా తెల్లగా కనిపించిన మంచు ఫొటోల్లో బూడిద రంగులో డల్‌గా వచ్చింది. నా దగ్గర కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్సే ఉంది, కొత్తది కొనాలా? ఈసారి వెళ్తే రోజంతా ఎలా ప్లాన్ చేసుకోమంటారు?
- ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: లెన్స్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి, దాని తప్పేం లేదు. వెలుగుని కొలిచే కెమెరా మీటర్ దేన్ని చూసినా మధ్యరకం బూడిద రంగనే లెక్కేసుకుంటుంది, ఫ్రేమ్ నిండా తెల్లటి మంచుంటే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, మీకు జరిగిందదే. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగుని మనమే పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ 1 దాకా పెంచి తీసి హిస్టోగ్రామ్ (ఫొటోలోని చీకటిని ఎడమవైపు, వెలుగుని కుడివైపు చూపే గ్రాఫ్) చూడండి, కుడి అంచుని గుద్దుకోకుండా దాని దగ్గర దాకా వస్తే చాలు. సూర్యుడు ఫ్రేమ్‌లోకి వచ్చాక మాత్రం మళ్ళీ తగ్గించాలి, రా ఫార్మాట్‌లో (సెన్సర్ పట్టిన వివరాలన్నీ దాచే ఫైల్) ఒకే ఫ్రేమ్‌ని మూడు ఎక్స్‌పోజర్లలో తీసుకుంటే ఇంటికొచ్చి కలుపుకోవచ్చు. మంచులో ఆటోఫోకస్ తడబడుతుంది, ఏదైనా చెట్టు మీదో కొండ అంచు మీదో ఫోకస్ పట్టి మాన్యువల్‌కి మార్చేయండి.

ఇక మంచు సంగతి. ఆకాశం తేటగా ఉండి గాలి లేని రాత్రి నేల బాగా చల్లబడుతుంది, ఆ చల్లగాలి బరువెక్కి లోయలోకి జారి అక్కడి తేమ మంచుగా మారుతుంది, పైన గాలి కాస్త వెచ్చగా ఉండటంతో అది పైకి లేవలేక అక్కడే పరుచుకుంటుంది. వంజంగి కొండ దాదాపు 3,400 అడుగుల ఎత్తు కాబట్టి మనం దాన్ని పైనుంచి చూడగలుగుతాం. అందుకే ముందురోజు రాత్రి పాడేరులో తలెత్తి చూడండి, చుక్కలు బాగా కనిపిస్తూ గాలి లేకపోతే తప్పకుండా ఎక్కండి, మబ్బు పట్టి ఉంటే మాత్రం ఆశ తక్కువే.

డిసెంబర్లో ఆరున్నర లోపే సూర్యోదయం, దానికి ముప్పావుగంట ముందే ట్రైపాడ్ వేసి రెడీగా ఉండాలి. నేను గట్టిగా చెప్పేదొకటి, సూర్యుడు రాగానే అందరూ సెల్ఫీలు తీసుకుని దిగిపోతారు, మీరు దిగొద్దు! అసలు ఫొటోలు ఆ తర్వాతే, ఏటవాలు ఎండ పడి మంచు కదలడం మొదలుపెడుతుంది, చిన్న చిన్న గుట్టలు ఒక్కోటి బయటికొస్తాయి, ఒక్కోసారి ఎనిమిదిన్నర దాకా ఆ అందం ఉంటుంది. అప్పుడు వెనక్కి తిరిగి కూడా చూడండి, సూర్యుడికి ఎదురుగా ఉన్న కొండల మీద రంగు చాలా బాగుంటుంది. ఫ్రెండ్ దగ్గర 55-200 జూమ్ లెన్స్ ఉంటే అడిగి తీసుకెళ్ళండి, ఒకదాని వెనక ఒకటి ఉన్న కొండ వరసలు దాంట్లోనే దగ్గరగా పడతాయి.

ఎండ నెత్తికెక్కాక లాండ్‌స్కేప్ వదిలేసి కాఫీ తోటల వైపు వెళ్ళండి, సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగలు, వాటి నీడలో ఎర్రటి కాఫీ పళ్ళు. నవంబర్ చివర్లో వెళ్తే పొలాల్లో పసుపుపచ్చ వలిసె పూలు కూడా దొరుకుతాయి. తోటలో పని చేసుకునే వాళ్ళని అడక్కుండా మాత్రం ఫొటో తీయకండి, వద్దంటే కెమెరా దించేయండి.