‘ఒకే రోజు’ పుట్టారా, ‘ఒకే తేదీన’ పుట్టారా?

సందేహం: మా పాఠశాల గోడపత్రికలో ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక నడుపుతున్నాం. ఆగస్టు 29 కింద ‘గిడుగు రామమూర్తి, హాకీ క్రీడాకారుడు ధ్యాన్‌చంద్ ఒకే రోజు పుట్టారు’ అని రాస్తే, అది తప్పని ఒక ఉపాధ్యాయుడు అన్నారు. ‘ఒకే రోజు’, ‘ఇదే రోజు’, ‘ఒకే తేదీ’ – వీటిలో ఏది ఎక్కడ వాడాలి? ‘ఆగస్టు 29, 1863న’ అని రాయవచ్చా? అర్ధరాత్రి జరిగిన ఘటనకు ఏ తేదీ వేయాలి? జయంతులను ఎలా లెక్కపెట్టాలి?

సమాధానం: ఆ ఉపాధ్యాయుడు చెప్పింది నిజమే. గిడుగువారు పుట్టింది 1863లో, ధ్యాన్‌చంద్ పుట్టింది 1905లో. నడుమ 42 ఏళ్లు ఉండగా ‘ఒకే రోజు పుట్టారు’ అంటే వినేవారు ఇద్దరినీ ఒక ఈడువారని అనుకుంటారు. గడిచిన రోజు మళ్లీ రాదు, తేదీ మాత్రం ఏటా వస్తుంది. కాబట్టి సంవత్సరాలు వేరైనప్పుడు ‘ఒకే తేదీన పుట్టారు’ అనడం సరైనది.

అయితే ఇక్కడొక చిత్రం ఉంది. ‘ఇద్దరి పుట్టినరోజూ ఒకటే’ అని రాసి ఉంటే ఎవరూ తప్పు పట్టలేరు. ‘పుట్టినరోజు’ సమాసంగా స్థిరపడి, ఏటేటా వచ్చే రోజుకూ పేరైపోయింది. ‘మొన్న మా అమ్మాయి పుట్టినరోజు చేశాం’ అన్నప్పుడు ఆ పిల్ల మొన్న పుట్టిందని ఎవరూ అనుకోరు. సమాసాన్ని విడగొట్టి ‘రోజు పుట్టారు’ అని క్రియకు ముడిపెట్టగానే ఆ వెసులుబాటు పోతుంది, అది ఒక్క రోజుకే కట్టుబడుతుంది.

నవంబరు 1ని చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్, కేరళ అవతరించాయి. మైసూరు రాష్ట్రం విస్తరించి కొత్త రూపం దాల్చిందీ అప్పుడే. ఈ మూడూ నిజంగా ఒకే రోజు జరిగినవి. 1966 నవంబరు 1న హర్యానా, 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాయి. మైసూరు పేరు కర్ణాటకగా మారింది కూడా నవంబరు 1నే, కానీ 1973లో. ‘ఆంధ్రప్రదేశ్, కేరళ ఒకే రోజు ఏర్పడ్డాయి’ ఒప్పు. ‘ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ ఒకే రోజు ఏర్పడ్డాయి’ తప్పు. ‘ఈ రెండు రాష్ట్రాల అవతరణ తేదీ ఒకటే’ అంటే పేచీ లేదు.

సంవత్సరం కూడా కలిస్తే ‘ఒకే రోజు’ అని ధైర్యంగా రాయవచ్చా? చాలాసార్లు రాయవచ్చు. అమెరికా మాజీ అధ్యక్షులు జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ ఇద్దరూ 1826 జులై 4న, ఆ దేశ స్వాతంత్ర్య ప్రకటనకు యాభై ఏళ్లు నిండిన నాడే మరణించారు. అది అచ్చంగా ఒకే రోజు. షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్‌ల విషయంలో మాత్రం బోల్తా పడతాం. ఇద్దరి మరణానికీ 1616 ఏప్రిల్ 23 అనే వేస్తారు. అప్పటికి స్పెయిన్ గ్రెగోరియన్ కేలండరులోకి మారింది, ఇంగ్లండు ఇంకా పాత జూలియన్ కేలండరునే పట్టుకుని ఉంది. రెంటికీ పది రోజుల తేడా. ఇంగ్లండులో ఏప్రిల్ 23 అయిన రోజు స్పెయిన్‌లో మే 3. పైగా సెర్వాంటెస్ పోయింది 22న అనీ, 23 ఖననం జరిగిన తేదీ అనీ పరిశోధకులు చెబుతారు. ప్రపంచ పుస్తక దినోత్సవానికి ఏప్రిల్ 23ను ఎంచుకోవడానికి ఈ జంట తేదీయే ఆధారం కనుక ఆ నాటి గోడపత్రికల్లో ‘ఒకే రోజు కన్నుమూసిన మహారచయితలు’ అన్న వాక్యం తప్పకుండా కనిపిస్తుంది. అక్కడ ‘ఒకే తేదీ’ అనాలి.

రష్యా అక్టోబరు విప్లవాన్ని నవంబరు 7న స్మరించుకోవడానికీ కారణం ఇదే. పాత లెక్కలో అది 1917 అక్టోబరు 25. ఇంగ్లండు 1752లో కొత్త కేలండరుకు మారినప్పుడు సెప్టెంబరు 2 మరునాడు సెప్టెంబరు 14 వచ్చింది. అంతకు ముందటి ఇంగ్లండు ఘటనలకు తేదీ వేసేటప్పుడు అది పాత లెక్కో కొత్త లెక్కో చూసుకోండి. మనిషి చంద్రుడిపై అడుగుపెట్టిన క్షణానికీ రెండు తేదీలున్నాయి. అమెరికాలో అది 1969 జులై 20 రాత్రి. మనకు జులై 21 ఉదయం 8 గంటల 26 నిమిషాలు. అమెరికా తేదీ వేస్తే ‘అమెరికా కాలమానం ప్రకారం’ అన్న మాట చేర్చడం మేలు.

ఇక ‘ఇదే రోజు’. దీన్ని తప్పని కొట్టిపారేయనక్కర్లేదు. ‘సరిగ్గా వందేళ్ల కిందట ఇదే రోజు’ అన్నప్పుడు ఏళ్ల లెక్క ముందే చెప్పాం కనుక అయోమయం లేదు. ఇబ్బందల్లా సంవత్సరాన్ని వెనక్కి నెట్టినప్పుడు వస్తుంది. ‘ఈ రోజు గిడుగు రామమూర్తి 1863లో జన్మించారు’ అని చదువుతుంటే ‘ఈ రోజు’ అన్నది ‘ఇవాళ’గానే తోస్తుంది, తర్వాత వచ్చే ‘1863లో’ దానితో తగువు పడుతుంది. ‘1863లో ఇదే తేదీన’ అని ఏడు ముందు పెట్టండి. ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికకు మాత్రం ఏ దోషమూ లేదు, ‘చరిత్రలో’ అన్న మాట ముందుంది కనుక.

తేదీ రాసే క్రమమూ ఇలాంటిదే. తెలుగులో పెద్దది ముందు, చిన్నది వెనుక: ఏడు, నెల, తేదీ, ఆపైన పూట, గంట. ఏడుకూ నెలకూ ‘లో’, తేదీకి ‘న’, గంటకు ‘కు’ చేరతాయి. 1863లో, ఆగస్టులో, 29న, ఆరు గంటలకు. ‘ఆగస్టు 29, 1863న’ అని రాస్తే తేదీకి అంటవలసిన ‘న’ పోయి ఏడుకు అంటుకుంటుంది. పైకి చదవండి: ‘పద్దెనిమిది వందల అరవై మూడున’. మాట్లాడేటప్పుడు అలా ఎవరూ అనరు. ‘1863 ఆగస్టు 29న’ అంటే నోటికీ చెవికీ సాఫీగా ఉంటుంది. ‘29న’, ‘29వ తేదీన’ రెండూ సరే, ‘29వన’ మాత్రం లేదు. ‘29వ తేదీ నాడు’ అనడాన్ని పునరుక్తి అంటారు కొందరు. నా దృష్టిలో కాదు, ఇక్కడ ‘నాడు’ విభక్తి పనే చేస్తోంది. తెలంగాణలో ‘ఒకటో తారీఖు నాడు’ అని హాయిగా అంటారు. ‘ఆగస్టు 29వ రోజు’ అని మాత్రం రాయకండి. ‘సమ్మె 29వ రోజుకు చేరింది’ వంటి వరుస లెక్కకే ‘29వ రోజు’.

అర్ధరాత్రి దగ్గర అసలు చిక్కు. గడియారం లెక్కలో పన్నెండు దాటగానే తేదీ మారుతుంది. మన వాడుకలో తెల్లవారేదాకా ముందటి రోజు రాత్రే, పంచాంగం కూడా సూర్యోదయంతోనే వారాన్ని మారుస్తుంది. అందుకే ‘1947 ఆగస్టు 14 అర్ధరాత్రి’, ‘ఆగస్టు 15 అర్ధరాత్రి’ అని రెండు విధాలా రాస్తుంటారు. రెండోది చదివి 15 గడిచి 16 రాబోయే రాత్రి అనుకునేవారూ ఉంటారు. ఇలాంటి చోటికి మనకొక పలుకుబడి ఉంది: ‘గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం’. దాన్నే తేదీలకు పట్టించి ‘ఆగస్టు 14 రాత్రి, తెల్లవారితే 15 అనగా’ అని రాస్తే సందేహానికి చోటుండదు. మరీ పాత నుడికారంగా తోస్తే ‘14, 15 తేదీల నడిమి రాత్రి’ అనండి. భోపాల్ విషవాయు దుర్ఘటన 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి జరిగింది. దాన్ని తలచుకుంటూ జాతీయ కాలుష్య నియంత్రణ దినం డిసెంబరు 2న పాటిస్తారు, భోపాల్‌లో సంస్మరణ 3న జరుగుతుంది. ఒక్క తేదీయే వేస్తే రెండోదాన్ని చూసినవారు మీది తప్పంటారు.

జయంతుల లెక్కకు సూత్రం చిన్నదే. జయంతి, వార్షికోత్సవం ఏడాది నిండాక మొదలవుతాయి. ‘దినోత్సవం’ మొదటి రోజు నుంచే లెక్కకు వస్తుంది. 2022 ఆగస్టు 15న స్వాతంత్ర్యానికి 75 ఏళ్లు నిండాయి, జరుపుకున్నది 76వ స్వాతంత్ర్య దినోత్సవం. గిడుగువారి 150వ జయంతి 2013లో. ‘వర్ధంతి’ మనకు మరణించిన తేదీకే పరిమితమైంది. కన్నడనాట శృంగేరి పీఠాధిపతుల పుట్టినరోజును వర్ధంతి అంటారు కాబట్టి అక్కడి ఆహ్వానపత్రిక చూసి కంగారు పడకండి. తిథుల ప్రకారం జరిగేవాటిని తేదీలతో కలపకూడదు. త్యాగరాజస్వామి 1847 జనవరి 6న సిద్ధి పొందారు, తిరువయ్యారులో ఆరాధన పుష్య బహుళ పంచమికి. ఆ తిథి కొన్నేళ్లు జనవరి మొదట్లో, కొన్నేళ్లు నెలాఖరులో వస్తుంది. తిథీ తేదీ కలవడం ఇంచుమించు 19 ఏళ్లకోసారి.

మీ ఆగస్టు 29 పట్టికలో చేర్చదగ్గది ఇంకొకటుంది. సోవియట్ యూనియన్ తన తొలి అణుపరీక్షను 1949 ఆగస్టు 29న కజకిస్థాన్‌లోని సెమిపలాటిన్‌స్క్‌లో జరిపింది. ఆ పరీక్షాకేంద్రాన్ని మూసివేసింది 1991 ఆగస్టు 29న. కజకిస్థాన్ ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2009లో ఆ తేదీని అణుపరీక్షల వ్యతిరేక దినంగా ప్రకటించింది. గిడుగువారి పుట్టుకా, ధ్యాన్‌చంద్ పుట్టుకా ఒకే తేదీన పడటం కాకతాళీయం. అణుపరీక్షల వ్యతిరేక దినం అలా పడింది కాదు, 1930లో పూర్ణ స్వరాజ్య దినం జరిపిన జనవరి 26నే 1950లో గణతంత్రానికి ఎంచుకున్నట్టు, ఏరి పెట్టుకున్న తేదీ. అక్కడ ‘కాకతాళీయంగా’, ‘యాదృచ్ఛికంగా’ అనకూడదు. ‘ఆ తేదీనే ఎంచుకుని’ అనాలి. అణుపరీక్షల వ్యతిరేక దినాన్ని ‘దినోత్సవం’ అని కూడా రాయకండి, ‘దినం’ చాలు.