పాస్ స్విచ్ లేని బండి కొనవచ్చా?

ప్రశ్న: 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కదా, ఇంకా పాస్ లైట్ స్విచ్ అవసరమా? నేను కొనదలచిన బండికి అది లేదు.

జవాబు: ఎప్పుడూ వెలిగే దీపం మీ ఉనికిని తెలుపుతుందే గాని, మీరు ఇప్పుడు ముందున్న వాహనాన్ని దాటబోతున్నారని చెప్పదు. ఎడమ చూపుడువేలికి అందే ఆ మీటను నొక్కినంతసేపే హై బీమ్ (దూరానికి పడే వెలుగు) వెలిగి, వదలగానే ఆరిపోతుంది కనుక, హారన్ వినిపించని లారీ డ్రైవరుకు అద్దంలో సైగ చేయడానికి హైవేపై అది బాగా ఉపకరిస్తుంది. ఊళ్లో తిరిగేవారు మాత్రం దానికోసం నచ్చిన బండిని వదులుకోనక్కరలేదు. బొటనవేలితో డిప్పర్‌ను (హై, లో బీమ్‌లు మార్చే స్విచ్‌ను) పైకీ కిందికీ మార్చినా పని జరుగుతుంది. కాకపోతే తిరిగి కిందికి దించడం మరిచిపోతే ఎదుటివారి కళ్లు బైర్లు కమ్ముతాయి. అన్నట్టు, మన రోడ్లపై ఎదురుగా వచ్చే వాహనం లైటు కొడితే ‘నేను వస్తున్నాను, ఆగండి’ అనే సాధారణంగా అర్థం. బ్రిటన్‌లో చాలామంది దాన్నే ‘మీరు వెళ్లండి’ అనడానికి వాడతారు.