170 డిగ్రీల వేడిలో నిమ్మగడ్డి నూనె ఎగిరిపోదా?

నిమ్మగడ్డి నూనె నిల్వలో రంగు మారి వాసన తగ్గిపోతోంది, స్ప్రే డ్రైయర్‌లో (గమ్, అంటే జిగురు, నీళ్లు కలిపిన నూనెను వేడిగాలిలోకి సన్నటి చుక్కలుగా చిమ్మి ఆరబెట్టే యంత్రం) పొడి చేద్దామంటే ఆ వేడికి ఉన్నది కాస్తా ఆవిరైపోదా అని మీ సందేహం. ఫ్లేవర్ పొడులు చేసే యూనిట్‌లో నా పని ఇదే, అందుకే చెబుతున్నా.

ఎగిరిపోదండి. 170 అనేది లోపలికొచ్చే గాలి వేడి. నీళ్లు ఆవిరవుతున్నంతసేపూ చుక్క అంత వేడెక్కదు. ఈలోగా దాని పైన గమ్ పొర కట్టేస్తుంది. అందులోంచి చిన్నవైన నీటి అణువులు బయటపడతాయి, నిమ్మ వాసననిచ్చే సిట్రాల్ లాంటి పెద్దవి లోపలే చిక్కుకుంటాయి. పొర ఎంత త్వరగా కడితే అంత నూనె దక్కుతుంది. భయపడి వేడి మరీ తగ్గించారా, పొడి సరిగా ఆరక డ్రైయర్ గోడలకు అంటుకుపోతుంది. నేను ఇన్‌లెట్ (లోపలికొచ్చే గాలి) 170–175, అవుట్‌లెట్ (బయటికెళ్లే గాలి) 85 దగ్గర ఉంచుతాను. అవుట్‌లెట్‌ను మిశ్రమాన్ని లోపలికి పంపే ఫీడ్ పంపు వేగంతో సర్దుకోవాలి.

అయితే మీరు అడగాల్సింది ఎమల్షన్ గురించి, అంటే నూనెను నీళ్లలో సన్నటి బొట్లుగా కలిపిన మిశ్రమం గురించి. పొడి బాగోగులు సగానికి పైగా అక్కడే తేలిపోతాయి. నూనె ఒక వంతు, గమ్ అకేసియా (తుమ్మజాతి చెట్ల జిగురు), మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండిపదార్థం నుంచి తీసే పొడి) కలిపి నాలుగు వంతులు, అన్నీ బరువులోనే. నీళ్లు పోశాక మొత్తం ఘనపదార్థం 30–35 శాతం ఉండాలి. గమ్‌ను ముందురోజు రాత్రే నానేయండి, ఉండలు కరిగి నురుగు అణిగిపోతుంది. చవక కదా అని ఒక్క మాల్టోడెక్స్‌ట్రిన్‌తో కానిచ్చేద్దామనుకోకండి, నూనెను నీళ్లలో నిలబెట్టే గుణం దానికి లేదు. గమ్ ఖరీదనిపిస్తే ఓఎస్ఏ స్టార్చ్ (నూనెను నీళ్లలో నిలబెట్టేలా మార్చిన పిండి) వాడొచ్చు. సిట్రిక్ యాసిడ్ మాత్రం ఇందులో కలపొద్దు, పులుపు తగిలితే సిట్రాల్ విరుగుతుంది. మిక్సర్‌తో సరిపెట్టకుండా హోమోజినైజర్‌లో నూనె బొట్లను ఒకటి రెండు మైక్రాన్లకు తేవాలి. తర్వాత గాజు గ్లాసులో పోసి గంటసేపు కదపకుండా ఉంచండి. అంచు చుట్టూ పసుపు వలయం తేలిందంటే నూనె విడిపోతున్నట్టే, డ్రైయర్ జోలికి వెళ్లకండి.

పొడి చేతికొచ్చాక ఘుమఘుమలాడుతుంటే అందరూ సంబరపడతారు. నాకు దిగులు. పొడిగా ఉండగానే అంత వాసన కొడుతోందంటే నూనె రేణువు పైనే ఉందన్నమాట, గాలి తగిలి ముందు పాడయ్యేది అదే. చిటికెడు పొడిని గోరువెచ్చని నీళ్లలో వేసినప్పుడు గుప్పుమనాలి. టిష్యూ పేపర్ మీద వేసి బొటనవేలితో నొక్కితే మరక పడకూడదు. కచ్చితమైన లెక్క కావాలంటే పైనున్న నూనెకు హెక్సేన్ అనే ద్రావణితో కడగడం, మొత్తం నూనెకు క్లెవెంజర్ (నీళ్లతో మరిగించి నూనెను వేరుచేసి కొలిచే గాజు పరికరం). ప్యాకింగ్‌కు అల్యూమినియం లామినేట్ పౌచే వాడండి, వానాకాలం చెమ్మకు పొడి గడ్డకట్టి లోపలి నూనె బయటికొచ్చేస్తుంది.

ఇంతకీ ఇది మీకు అవసరమా? టీ ప్రీమిక్స్ లాంటివాటికైతే పొడి కావాలి. సబ్బులవాళ్లకు నూనెగానే అమ్మేట్టయితే ఈ ఖర్చంతా దండగ. తడిని పీల్చుకునే అన్‌హైడ్రస్ (నీరు లేని) సోడియం సల్ఫేట్ లవణంతో నూనెలో తడి తీసేసి, వడకట్టి, ముదురు రంగు సీసాల్లో మెడదాకా నింపి చల్లటిచోట పెట్టండి. పొడే కావాలనుకుంటే మెషీన్ కొనేముందు ఎక్కడైనా జాబ్‌వర్క్‌కు ఇచ్చి చూసుకోండి. అదీ తాజా నూనెతోనే, రంగు మారినదాన్ని పొడి చేసినా పోయిన సిట్రాల్ తిరిగి రాదు.